మూల బీరువా, ఐదు సొరుగులు

(యౌవనస్థుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)

మాట్లాడడానికి రమ్మన్నప్పుడు ఏ విషయం మీద అని అడిగాం. "మీరు ఇంట్లో సొంతంగా ఒక బీరువా చేసుకున్నారట కదా, అది చెప్పండి చాలు" అన్నారు. న్యాయం, హక్కులు అని మాట్లాడుకునే చోట కొయ్య సామాను సంగతి ఏమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. మాకూ అనిపించింది. అందుకని ఈ మాటలు ఇంట్లో అందరం కూర్చుని రాసుకున్నాం. నిలబడి చదువుతున్నది ఒక్కరే అయినా, "మేము" అంటే ఐదుగురం: మా అమ్మ, మా అక్క, అన్న, వదిన, అందరికంటే చిన్నవాడు.

మాది కోలారు బంగారు గనుల ఊరు. కెజిఎఫ్ అంటే సినిమా పేరు అనుకునే కాలం వచ్చింది కాబట్టి రెండు ముక్కలు చెప్పాలి. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే ఇంగ్లీషు కంపెనీ ఇక్కడ పని మొదలుపెట్టింది. చిత్తూరు, ఉత్తర ఆర్కాటు, సేలం పల్లెల నుంచి కూలికి జనం వచ్చారు. తెలుగువాళ్లు, తమిళులు, కన్నడిగులు ఒకే బావిలోకి దిగారు. చాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు పైగా లోతుకు పోయింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. అప్పటి నుంచి మా ఊరి పని అంతా రైలు పట్టాల మీదే. తెల్లవారకముందే మారికుప్పం బండి ఎక్కడం, బెంగళూరులో పగలంతా గడపడం, రాత్రికి ఇల్లు చేరడం.

మా నాయన గనిలో టింబరు పని చేసేవాడు. అంటే సొరంగం పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. ఇన్నేళ్లు కొయ్యతో కొండను మోయించిన మనిషి ఇంట్లో కొయ్య సామాను అంటే ఒక ముక్కాలిపీట, ఒక మంచం. లైను ఇళ్లు చూసినవాళ్లకు తెలుసు, సామానుకు చోటెక్కడ? మా గది పదడుగులకు పదడుగులు. ఒక గోడకు మంచం, ఒక గోడకు తలుపు, ఒక గోడకు కిటికీ, నాలుగో గోడ అవతల వంట. మిగిలింది ఒక్క మూల.

ఇక్కడ ఒక చిన్న మాట. "మూల" అనే మాటను మా లైనులో తెలుగువాళ్లం మూల అంటాం, తమిళులు మూలై అంటారు, కన్నడిగులు మూలె అంటారు. ఉలి కూడా అంతే. మూడు ఇళ్లలోనూ ఇంచుమించు అదే మాట. ఆ మాటలు అరువు తెచ్చుకోనక్కర లేకుండానే పని మొదలైంది.

బీరువా ఎందుకు కావాల్సి వచ్చిందంటే, కాగితాల కోసం. నాయన పోయాక ఆయన ట్రంకు పెట్టె తెరిచాం. సర్వీసు కాగితాలు, బాప్తిస్మపు పత్రం, పెళ్లి పత్రం, రేషను కార్డు, బ్యాంకు డిపాజిట్ రసీదు, మా ముగ్గురి మార్కుల పత్రాలు. అన్నీ నాలుగు మడతలు పెట్టి ఉన్నాయి. మడత పెట్టిన కాగితం మడత దగ్గరే చిరుగుతుంది. సరిగ్గా ఆ మడత మీదే నాయన పేరు ఉంది. ఆ పేరు కూడా ఒక్కో కాగితంలో ఒక్కో విధం. గుడి రిజిస్టరులో బాప్తిస్మపు పేరు, గని కాగితంలో ఇంగ్లీషు దొర చెవికి వినిపించిన పేరు, రేషను కార్డులో కన్నడంలోకి తిరగరాసిన పేరు. మూడూ ఒకే మనిషివని ఎవరైనా గుమస్తాకు నిరూపించాలంటే మూడు కాగితాలూ చిరగకుండా చేతిలో ఉండాలి. సరిహద్దు జిల్లాల్లో, పరభాష రాష్ట్రాల్లో ఉండే మీకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు.

అంతకుముందు ఒక దుకాణంలో కొన్న అల్మరా ఉండేది. రంపపు పొట్టును జిగురుతో అదిమి, పైన కొయ్య రంగు కాగితం అంటించిన పలక. ఒక్క వానాకాలానికి కింది అంచు నానిన రొట్టెలా ఉబ్బింది. స్క్రూ పట్టు వదిలింది. ఈసారి కొనేది లేదు, చేసుకుందాం అనుకున్నాం.

ముందు మూలను కొలవాలి. మూల అంటే 90 డిగ్రీలే అని బడిలో చదువుకున్నాం గానీ పాత గోడలు బడికి పోలేదు. దీనికి తాపీ మేస్త్రీల పద్ధతి ఒకటి ఉంది. మూల నుంచి ఒక గోడ మీద 3 అడుగుల దగ్గర, రెండో గోడ మీద 4 అడుగుల దగ్గర గుర్తు పెట్టండి. ఆ రెండు గుర్తుల మధ్య సరిగ్గా 5 అడుగులు వస్తే మూల మట్టంగా ఉన్నట్టు. మాకు 5 అడుగుల 1 అంగుళం వచ్చింది. అంటే మూల సుమారు 92 డిగ్రీలు తెరుచుకుని ఉంది. 2 డిగ్రీలే కదా అనిపిస్తుంది. 24 అంగుళాల దూరం వెళ్లేసరికి అదే ముప్పావు అంగుళం పైన సందు అవుతుంది.

ఇక్కడే మొదటి ప్రశ్న వచ్చింది. బీరువాను 92 డిగ్రీలకు చేస్తే గోడకు అతికినట్టు కూర్చుంటుంది, కానీ ఈ ఇంటికి తప్ప దేనికీ పనికిరాదు. 90కి చేస్తే సందు కనబడుతుంది, కానీ ఏ ఇంటికైనా తీసుకుపోవచ్చు. లైను ఇంట్లో బతికినవాళ్లు ఈ ప్రశ్నకు జవాబు ఆలోచించరు. 90కే చేశాం. అది కూడా కింద సొరుగుల భాగం వేరుగా, పైన తలుపుల భాగం వేరుగా, రెండు ముక్కలుగా. ఇద్దరు మనుషులు ఎత్తి ఇరుకు తలుపులో నుంచి బయటికి తేగలగాలి. సందును కప్పడానికి ఒక సన్నని పట్టీ, రెండు స్క్రూలతో. ఎప్పుడంటే అప్పుడు ఊడదీయవచ్చు.

ఆకారం గురించి చెప్పాలి, ఎందుకంటే మూల బీరువాలో కిటుకంతా అక్కడే ఉంది. మూలలో వట్టి త్రికోణం పెడితే రెండు కొనలూ పనికిరావు, వేలు కూడా దూరదు. అందుకని గోడల వెంట చెరో 24 అంగుళాలు తీసుకుని, ఆ చివరల నుంచి గదిలోకి 8 అంగుళాల చిన్న పక్కలు తెచ్చి, వాటిని ఏటవాలు ముఖంతో కలిపాం. ఐదు భుజాల ఆకారం వచ్చింది. ముఖం వెడల్పు 22న్నర అంగుళాలు. ఈ లెక్కలు ముందు అట్టపెట్టె విప్పి దాని మీద గీసి, కత్తిరించి, నేల మీద పరిచి, రెండు రోజులు దాని చుట్టూ తిరిగాం. మంచం మీద నుంచి లేచినప్పుడు మోకాలు తగలకూడదు కదా.

ఇక సొరుగు. సొరుగు నలుచదరమే కావాలి, లేకపోతే లోపలికి జారదు. ఐదు భుజాల గూట్లో నలుచదరపు సొరుగు పెడితే, వెడల్పు పెంచిన కొద్దీ లోతు తగ్గుతుంది. వెనక గోడలు దగ్గరగా వచ్చేస్తాయి. లెక్క ఏమిటంటే వెడల్పు 2 అంగుళాలు పెంచితే లోతులో 1 అంగుళం పోతుంది. మేము 18 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల లోతు తీసుకున్నాం. పక్క పలకలు పోను లోపల 17 అంగుళాలు ఉంటుంది. స్టాంపు కాగితం అడ్డంగా, ఒక్క మడత లేకుండా పడుకుంటుంది. మాకు కావలసింది అదే. రెండు పక్కలా త్రికోణపు చోటు కొంచెం వృథా అయింది, పోనీయండి.

సొరుగులు ఎన్ని అన్నదగ్గర అసలు సంగతి మొదలైంది.

మొదట గీసిన బొమ్మలో మూడు సొరుగులు. ఒకటి ఇంటి కాగితాలకు, ఒకటి అన్నకు, ఒకటి చిన్నవాడికి. ఎవరూ కావాలని అలా గీయలేదు. చేయి దానంతట అదే అలా గీసింది. అక్క ఆ ఆదివారం బెంగళూరు నుంచి వచ్చి బొమ్మ చూసింది. "నా మార్కుల కాగితాలు, నా బాప్తిస్మపు కాగితం ఇంకా ఆ ట్రంకులోనే ఉన్నాయి, వాటిని ఏం చేస్తారు?" అని అడిగింది. పెళ్లయిన ఆడపిల్లకు పుట్టింట్లో సొరుగు ఎందుకు అని పక్కింటి పెద్దాయన నవ్వాడు. అక్క నవ్వలేదు. నాలుగో సొరుగు గీశాం. అమ్మ అప్పటిదాకా బియ్యం ఏరుకుంటూ ఉంది. తల ఎత్తకుండానే, "ఇంటి కాగితాలు అంటే ఎవరివి? మీ నాయనవా, నావా?" అంది.

ఆ మాటకు బొమ్మ పక్కన పెట్టి, చట్టం ఏం చెబుతుందో తెలుసుకోవడానికి వెళ్లాం. ఇది మీ అందరికీ అవసరం కాబట్టి కొంచెం నిలబడి చెబుతాం. కర్ణాటకలో మా వంటి క్రైస్తవ కుటుంబాలకు వర్తించేది 1925 నాటి భారతీయ వారసత్వ చట్టం. భర్త వీలునామా రాయకుండా చనిపోతే, పిల్లలు ఉన్నప్పుడు, ఆస్తిలో మూడో వంతు భార్యది. అది 33వ సెక్షన్. మిగిలిన రెండు వంతులు పిల్లలవి. కొడుకని కూతురని తేడా లేదు, అందరికీ సమానం. అది 37వ సెక్షన్. కేరళలో పాత తిరువాంకూరు ప్రాంతపు క్రైస్తవులకు 1916 నాటి వేరే చట్టం ఉండేది. కూతురికి కొడుకు వాటాలో నాలుగో వంతో, 5,000 రూపాయలో, ఏది తక్కువైతే అది ఇచ్చేవారు. మేరీ రాయ్ అనే ఉపాధ్యాయురాలు దాని మీద సుప్రీంకోర్టుకు వెళ్లి 1986లో గెలిచింది. మనకు ఇక్కడ కోర్టుకు వెళ్లనక్కర లేకుండానే ఆ సమానత్వం కాగితం మీద మొదటి నుంచీ ఉంది. ఎంతమంది ఇళ్లలో ఉందో మీరే లెక్కపెట్టుకోండి. "అక్కకు పెళ్లిలో పెట్టాం కదా" అనే మాట ఆ చట్టంలో ఎక్కడా లేదు.

సరే, బొమ్మలో అమ్మకు ఒకటి, ముగ్గురికి మూడు. నాలుగు సొరుగులు, ఒక్కోటి 6 అంగుళాల ఎత్తు. అక్కడితో అయిందనుకున్నాం. ఐదోది ఎలా వచ్చిందో కాసేపట్లో చెబుతాం. దానికి ముందు ఆచారి తాత రావాలి.

ఆచారి తాత మా పక్క లైనులో ఉంటాడు. తమిళాయన, ఎనభైకి దగ్గర. చూపు తగ్గింది కానీ వేళ్లు తగ్గలేదు. పలక మీద బొటనవేలు పెట్టి పైకీ కిందికీ తోసి, ఎటు చిత్రిక పట్టాలో చెబుతాడు. మా తాతల కాలంలో చిత్తూరు పల్లెలో వడ్రంగికి పంట మీద మేర కొలిచేవారు. వడ్రంగం తండ్రి నుంచి కొడుక్కి పోయేది, బయటివాళ్లకు ఉలి పట్టడం నేర్పేవారు కాదు. మా వంటి పేటల పిల్లలకు అసలే కాదు. ఈయన తన ఉలి మా చేతిలో పెట్టి, "పట్టు, భయపడకు, నీ వేలు పిడి మీద ఉంటే అది నీ మాటే వింటుంది" అన్నాడు. నజరేతువారు ప్రభువును వడ్లవాడు కదా అని తీసిపారేసిన సంగతి మార్కు సువార్త ఆరో అధ్యాయంలో ఉంది. చిన్నప్పటి నుంచీ వింటున్నాం. ఆ పనిలో ఎంత బుద్ధి ఉందో ఉలి పట్టాకే తెలిసింది.

కొయ్య ఆయనే ఏరి ఇచ్చాడు. కూల్చిన ఇళ్ల తలుపులు అమ్మే చోట పాత టేకు తలుపు రెక్కలు దొరికాయి. పాత టేకు ఎందుకంటే దానిలో పచ్చి ఉండదు. ఎన్నో ఏళ్ల ఎండకు ఆరి, వంగవలసినంత వంగి, ఇక వంగనని నిలబడిన కొయ్య. పచ్చి పలక కొంటే అంగుళం మందానికి ఒక ఏడాది ఆరబెట్టాలని పాత లెక్క. సొరుగుల పక్కలకు వేప తీసుకున్నాం. చేవ ఉన్న వేపకు పురుగు తొందరగా పట్టదు, పైగా టేకంత ఖరీదు కాదు. సొరుగు అడుగుకు 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్. అన్నీ తెచ్చి మూడు వారాలు ఆ గదిలోనే గోడకు ఆనించి ఉంచాం. ఆ గది గాలికి అలవాటు పడాలట. మేము వాటి పక్కన ఒదిగి పడుకున్నాం.

కొయ్య గురించి ఒక్క సూత్రం గుర్తుంచుకుంటే సగం పని వచ్చినట్టే. కొయ్య పొడవుకు పెరగదు, అడ్డానికి పెరుగుతుంది. వానాకాలంలో ఉబ్బుతుంది, ఎండాకాలంలో తగ్గుతుంది. కాబట్టి సొరుగు పక్కల్లో కాగితం దూరేంత సందు చాలు గానీ పైన మాత్రం 3 మిల్లీమీటర్లు వదలాలి. వేసవిలో బిగుతుగా కుదిరిందని మురిసిపోతే వానాకాలంలో ఆ సొరుగు తెరుచుకోదు.

సొరుగుకు ప్రాణం దాని మూలల్లో ఉంటుంది. సొరుగును రోజూ లాగుతాం, లాగిన ప్రతిసారీ ముందు పలక ఊడి రావాలని చూస్తుంది. మేకులు కొడితే కొన్నాళ్లకు వదులవుతాయి. అందుకే పావురం తోక అతుకు. వడ్రంగులు డవ్‌టెయిల్ అంటారు. పక్క పలక చివర తోకల్లా కోస్తారు, కొన దగ్గర వెడల్పు, మొదట్లో సన్నం. ముందు పలకలో వాటికి సరిపడే గూళ్లు చెక్కుతారు. ఒకసారి కూర్చున్నాక ముందుకు లాగితే రాదు, ఎందుకంటే వెడల్పు కొన సన్నని దారిలో నుంచి బయటికి రాలేదు. వాలు గట్టి కొయ్యకు 8కి 1, మెత్త కొయ్యకు 6కి 1. ఎక్కువ వాలు పెడితే కొన పెళుసై విరుగుతుంది, తక్కువ పెడితే జారిపోతుంది. ముందు పనికిరాని ముక్కల మీద చేసి చూసి, ఆ తర్వాతే అసలు పలక ముట్టుకోమన్నాడు తాత. రెండు ఆదివారాలు ఆ ముక్కల మీదే గడిచాయి.

వారంలో మిగతా రోజులు రైలు తినేస్తుంది కాబట్టి మా పని ఆదివారం ఆరాధన అయ్యాకే. వీధిలో వేపచెట్టు కింద పాత మంచం అడ్డపట్టీలే మా పని బల్ల. రంపం అన్న పట్టాడు. ఉలి చిన్నవాడు పట్టాడు. చిత్రిక అక్క పట్టింది. చిత్రిక నుంచి పొడుగ్గా, పల్చగా చుట్టలు చుట్టుకుని రావాలి. పొడిపొడిగా వస్తే ఎదురు తోస్తున్నట్టు. లైనులో పిల్లలు ఆ చుట్టలను చెవులకు పెట్టుకుని తిరిగారు. గీత గీసే పని మాత్రం ఎవరికీ కుదరలేదు. పెన్సిలు గీత లావు, తాత చాకు మొనతో గీయమంటాడు. వెంట్రుక వాసి తేడా వచ్చినా అతుకులో వెలుగు కనబడుతుంది.

వదిన మిషను కుడుతుంది. పదేళ్లుగా రవికెల కొలతలు తీస్తున్న చేయి. ఒక ఆదివారం టీ ఇవ్వడానికి వచ్చి, చాకు తీసుకుని ఒక తోక గీసి చూపించింది. తాత ఆ గీత మీద గోరు నడిపాడు. "ఇకమీద ఈ అమ్మాయి గీసిన గీత మీదే కొయ్యండి" అన్నాడు. ఆ రోజు నుంచి గీతలన్నీ ఆమెవే. మూడో సొరుగు దగ్గరకు వచ్చాక, తల వంచి గీస్తూనే అడిగింది. "నా పదో తరగతి మార్కుల కాగితం, మా సంఘం పాసు పుస్తకం, మిషను రసీదు బియ్యం డబ్బాలో ఉన్నాయి. నేను గీస్తున్న వీటిలో నాది ఏది?"

ఎవరం మాట్లాడలేదు. అన్న, "నాదే నీది కదా" అన్నాడు. "అయితే తాళం చెవి నాకివ్వు" అంది వదిన.

నాలుగు ఐదయ్యాయి. గూడు ఎత్తు పెరగదు, కాబట్టి 6 అంగుళాల సొరుగులు నాలుగున్నర పైచిలుకు అంగుళాలకు తగ్గాయి. మధ్య పట్టీ ఒకటి ఎక్కువైంది. అప్పటికే తయారైన పక్క పలకలను చిత్రికతో తగ్గించి, తోకలు మళ్లీ గీయించాం. కాగితాలకు 6 అంగుళాల ఎత్తు నిజానికి అక్కరలేదు. వారసత్వ చట్టంలో కోడలికి వాటా లేదు. బీరువాలో ఉంది. ఐదు సొరుగులు, 20 మూలలు, మూలకు 3 చొప్పున 60 తోకలు. మొదటి మూలకు ఒక పూట పట్టింది. చివరి మూలలకు గంట చాలింది.

తాత కూలి గురించి చెప్పాలి. ఆయన రంపం పట్టలేదు, బరువు ఎత్తలేదు. ముక్కాలిపీట మీద కూర్చుని చెప్పాడు, అంతే. చివర లెక్క చూసేటప్పుడు, "ఆయన ఊరికే కూర్చున్నాడు, రోజూ టీ ఇచ్చాం, ఒక పంచె పెడదాం" అని మా బంధువు ఒకాయన సలహా ఇచ్చాడు. మన సంఘాల్లో ఈ అలవాటు చాలా ఉంది. చేతి పనికి కూలి ఇస్తాం, అదీ గీసి గీసి. నేర్పిన దానికి దండం పెట్టి సరిపెడతాం. పాటలు నేర్పినవాళ్లకు, ట్యూషను చెప్పిన అమ్మాయిలకు కూడా అంతే. పొలం కోసినవాళ్ల బిగపట్టిన కూలి గురించి యాకోబు పత్రిక ఐదో అధ్యాయంలో చదివేటప్పుడు గట్టిగా ఆమేన్ అంటాం. తాత వచ్చిన పూటలు గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టి ఉంచాం. వడ్రంగికి మా ఊళ్లో ఏ కూలి నడుస్తుందో ఆ కూలి లెక్కన ఇచ్చాం. ఆయన మొహమాటపడ్డాడు, తర్వాత లెక్కపెట్టుకున్నాడు. లెక్కపెట్టుకోవడం మాకు నచ్చింది. పంచె కూడా పెట్టాం, అది వేరే.

సొరుగులు జారడానికి చక్రాల పట్టాలు పెట్టలేదు. కొయ్య పట్టీల మీద కొయ్యే జారుతుంది. దానికి మైనం రుద్దాలి. క్రిస్మసుకు గుడిలో మిగిలిన కొవ్వొత్తి ముక్కలు ఉన్నాయి కదా, అవే. ఏడాదికి ఒకసారి రుద్దితే చాలు. కాళ్లు 4 అంగుళాలు పెట్టాం, కింద చీపురు ఆడాలి, చెదలు వస్తే కంటికి కనబడాలి. గోడకు ఆనించకుండా అర అంగుళం వదిలాం, పాత గోడ చెమ్మ పీల్చకుండా. బయట లక్క పాలిష్ వేశాం, స్పిరిట్‌లో నానబెట్టిన లక్క రేకులు, పల్చగా ఆరేడు పూతలు. కొందరు అవిసె నూనె పూస్తారు, అదీ మంచిదే. కానీ ఆ నూనె తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూలన పడేయకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్లలో ముంచి, పరిచి ఆరబెట్టండి. సొరుగు లోపల మాత్రం నూనె వద్దు, కాగితాలకు మరక పడుతుంది.

తాళాల దగ్గర మళ్లీ మాటలు వచ్చాయి. పైన ఒక తలుపు పెట్టి, అన్నిటికీ కలిపి ఒకే తాళం వేస్తే ఖర్చు తగ్గుతుందని అన్న వాదన. లెక్క ప్రకారం నిజమే. అమ్మ ఒప్పుకోలేదు. "తాళం చెవి ఎవరి మొలలో ఉంటే పెట్టె వాళ్లది" అంది. నలభై ఏళ్లు ఆ ట్రంకు తాళం చెవి నాయన మొలతాడుకే ఉండేది. ఆయన చెడ్డవాడు కాదు. కానీ తన పెళ్లి పత్రం చూడాలన్నా అమ్మ అడగవలసి వచ్చేది. ఐదు చిన్న తాళాలు కొని, ఒక్కో ముందు పలక వెనక ఉలితో గూడు చెక్కి బిగించాం. నాలుగు పూటల పని.

ఎవరిది ఏ సొరుగు? పైది పెద్దవాళ్లకు ఇవ్వాలి, గౌరవం కదా, అమ్మకు పైది అనుకున్నాం. అమ్మ నేల మీద చాప వేసుకుని కూర్చుంది. చేయి చాపి అన్నిటికంటే కిందిది తెరిచి చూసింది. "నేను కూర్చునేది ఇక్కడ. పైది తీయాలంటే లేవాలి, మోకాళ్లు మీరిస్తారా? నాకిదే." కింది సొరుగు ముందు పలక మీద పాత తలుపు బందు ఆనవాలు ఒకటి ఉండిపోయింది. దాన్ని పూడ్చి నున్నగా చేస్తామంటే ఆమె వద్దంది. చీకట్లో చేతికి తగులుతుంది, తనదని తెలుస్తుందట.

డిపాజిట్ డబ్బు మూడో వంతు అమ్మకు, మిగిలింది ముగ్గురికి సమానంగా పంచుకున్నాం. అది సాఫీగా ఒక్క రోజులో అయిందని చెప్పం. రెండు ఆదివారాలు పని ఆగింది. అన్నకు ఇద్దరు పిల్లల ఫీజులు, అతని బాధ అతనిది. చివరికి అక్క తన వాటా తీసుకుంది, తీసుకున్నాక అందులో కొంత పిల్లల ఫీజుకు అప్పుగా ఇచ్చింది. అప్పుగానే. రాసుకున్న కాగితం రెండు నకళ్లు. ఒకటి అక్క సొరుగులో, ఒకటి అన్న సొరుగులో ఉంది.

పైభాగం తలుపులు ఇంకా మిగిలి ఉన్నాయి. అద్దం పెట్టాలని చిన్నవాడు, చెక్క పలకే పెట్టాలని అమ్మ. చూడాలి.

మీలో నేర్చుకోవాలనుకునేవాళ్లు ఉంటే, రెండు రంపాలు, మూడు ఉలులు, ఒక చిత్రిక, ఒక మూలమట్టం మా దగ్గర ఉన్నాయి. ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి వేపచెట్టు కింద ఉంటాం. తాత ఒంట్లో బాగుంటే వస్తాడు. ఆయన పూటకు కూలి అందరం కలిసి వేసుకోవాలి, అది ముందే చెబుతున్నాం. గీతలు నేర్చుకోవాలంటే వదినను అడగండి. ఆమెకూ అదే లెక్క. వచ్చేటప్పుడు మీ ఇంటి మూల కొలత తీసుకురండి. ఒక గోడ మీద 3 అడుగులు, ఇంకో గోడ మీద 4, ఆ రెంటి మధ్య ఎంత వచ్చిందో రాసుకోండి. ఇంట్లో ఎంతమంది ఉన్నారో కూడా దాని పక్కనే రాయండి. పేర్లతో రాయండి, సొరుగుల లెక్కకు కావాలి.